నానమ్మ తొక్కిన అంటు

మా అత్తగారి మల్లెతీగ వరండాలో పెద్ద కుండీలో ఉండేది. దాని తల్లి మొక్క వాళ్లమ్మది, అంతకుముందుది వాళ్ల అమ్మమ్మది. కొమ్మను వంచి మట్టిలో పూడ్చి, పైన ఇటుక పెట్టి, వేరు పట్టాక కోసి వేరే కుండీలో నాటుతారు. దాన్నే అంటు తొక్కడం అంటారు. మా ఇంటి ఆడవాళ్లు ఆ తీగను అలాగే బతికించుకుంటూ వచ్చారు.

"మొక్క ముసలిదైపోయిందే, నాలాగే. అంటు తొక్కు" అని ఆవిడ మంచం మీంచే పోరేవారు.

"రేపు తొక్కుతా లెండి అత్తయ్యా."

"నువ్వనే రేపు వచ్చేసరికి నేను గోడ మీద ఫొటోలో ఉంటాను" అని నవ్వేవారు.

అన్నట్టే పోయారు. నేను తొక్కలేదు. ఈ వేసవికి తీగ మోడైపోయింది. దేవుడి ముందు చెంపలేసుకుని ఊరుకున్నాను.

ఓ సాయంత్రం ఆరేళ్ల మా అమ్మాయిని అన్నానికి పిలిచాను. పలకలేదు. వరండాలో కుండీకి వీపు ఆనించి కూర్చుంది. తీగకు మొగ్గ ఒక్కటీ లేదు... మల్లెల వాసన మాత్రం గుప్పున కొట్టింది.

"లే తల్లీ."

"లేవకూడదంట" గుసగుసగా అంది. "నానమ్మ అంటు తొక్కింది."

దాని జడ కొస మట్టిలో ఉంది. పైన ఇటుక.

ఇటుక తోసేశాను. జడ లాగాను. రాలేదు. గోళ్లతో తవ్వాను... వెంట్రుకల చివర తెల్లటి వేళ్లు... దారాల్లా... మట్టిని కరుచుకుని...

మా ఆయన కత్తెర తెచ్చి ఒక్క పాయ కోశారు. పిల్ల ఊపిరి ఆగిపోయింది. కత్తెర కింద పడింది. కాసేపటికి ఊపిరి వచ్చింది.

"వేరు పట్టకముందే కోస్తే ఎండిపోతుందమ్మా" అంది, ఓపిగ్గా, నాకు నేర్పుతున్నట్టు.

డాక్టరు వచ్చి చూశాడు. సంచి మూసుకుని, మా మొహాలు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇవాళ ఏడో రోజు. పిల్ల తల వెనక దిండు పెట్టి, పక్కనే కూర్చుని నాకొచ్చిన ప్రార్థనలన్నీ చదువుతున్నాను. మధ్యలో మాటలు తప్పిపోతున్నాయి. ముద్ద పెడితే మింగదు. నీరసపడదు కూడా. మొన్న కుండీలో చెంబుడు నీళ్లు పోస్తే పిల్ల గుటక వేసింది. అప్పటి నుంచి పూటపూటా పోస్తున్నాను. కన్నదాన్ని, ఇంకేం చెయ్యను?

ఈ పొద్దున చెంబు నింపుకుని వచ్చేసరికి... కుండీలో మట్టి అప్పటికే తడిసి ఉంది.

పిల్ల నిద్రలోనే గుటకలు వేస్తోంది.