మిడ్‌వేలో నీళ్ళు లేవు

హోటల్ గది తలుపు తీయగానే రాయిస్ టాల్మడ్జ్ ముక్కు మూసుకున్నాడు.

చేదు బాదం వాసన. దాని కింద ఇంకేదో వాసన, కాలిన మైనంలాగా. హోబర్ట్ టేబుల్ మీద బోర్లా పడి ఉన్నాడు. పెదాలు నీలంగా, చచ్చిన చేపలా ఉన్నాయి. ఒంటిమీద కొత్త టీషర్టు. వీపు మీద ఎర్రటి అక్షరాలు: "మిడ్‌వే యుద్ధానికి నలభై ఏళ్ళు! పండగ చేసుకుందాం!" కింద బీరు కంపెనీ బొమ్మ.

హోబర్ట్, రాయిస్ ఇద్దరూ నౌకాదళం గూఢచారి విభాగంలో ఒకే జట్టు. నాలుగేళ్ళు ఒకే కారులో తిరిగారు, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగారు.

వాళ్ళ పై అధికారి కెప్టెన్ స్లోకమ్ కిటికీ దగ్గర నిలబడి జామ్ డోనట్ తింటున్నాడు. శవం ఉన్న గదిలో. చక్కెర పొడి నేల మీద రాలుతోంది.

"సార్, అది కాస్త బయట తినొచ్చుగా?"

"పొద్దుట్నుంచి ఏం తినలేదయ్యా. విను. హోబర్ట్‌ని చంపింది కార్నేషన్."

కార్నేషన్. పరాయి దేశం ముఠా. అమెరికా టార్పెడోల డ్రాయింగులు కొనడమే వాళ్ళ పని. అవి ట్రైక్రెస్ట్ అనే కంపెనీలోంచి బయటికి పోతున్నాయి. అమ్మేవాడు ఆ కంపెనీ పెద్దల్లో ఒకడు. ఎవడో తెలీదు.

"చూసినవాడు ఒక్కడే ఉన్నాడు" అన్నాడు స్లోకమ్. "చీఫ్ వెండెల్ క్రూస్. మిడ్‌వేలో బాంబర్ విమానం వెనకసీట్లో తుపాకి పట్టినవాడు. రిటైరయ్యాక ట్రైక్రెస్ట్ గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. కార్లో కవర్లు మార్చుకోవడం అక్కడే చూశాట్ట."

"ఫోటోలు చూపిస్తే సరిపోయేదిగా?"

"చూపించాం. 'టోపీ, నల్లద్దాలు పెట్టుకుంటే పోయిన నా పెళ్ళాన్నైనా గుర్తుపట్టేవాణ్ణి కాదు, వాడి నడక చూపించండి' అన్నాడు ముసలోడు. సాయంత్రం మిడ్‌వే డిన్నర్. కంపెనీ పెద్దలంతా వస్తారు. చీఫే ముఖ్య అతిథి. అందర్నీ చూసి చివర్లో వేలు పెట్టి చూపిస్తాడు. అప్పటిదాకా ఆయన బతికుండాలి. నీ పని అదొక్కటే."

"హోబర్ట్‌కి విషం ఎలా పెట్టారు?"

"ల్యాబ్ ఇంకా చెప్పలేదు. తిండిలోనే అయ్యుంటుంది. ఇదిగో." స్లోకమ్ జేబులోంచి ఒక పెన్ను తీశాడు. "దీని మొన దేంట్లోనైనా ముంచు. విషం ఉంటే నీలంగా మారుతుంది. పాస్‌వర్డ్: 'మిడ్‌వేలో నీళ్ళున్నాయా?' జవాబు: 'ఉప్పునీళ్ళే.'"

రాయిస్ పెన్ను లాక్కున్నాడు. 1942లో శత్రువు ఎక్కడ దాడి చేస్తాడో తేల్చుకోడానికి మనవాళ్ళు ఒక దొంగ కబురు వదిలారు, మిడ్‌వే దీవిలో మంచినీళ్ళ యంత్రం చెడిపోయిందని. శత్రువు దాన్ని నిజమనుకుని తన వాళ్ళకి చేరవేశాడు, ఆ రహస్య కబురుని మనవాళ్ళు విన్నారు. దొరికిపోయాడు. అంత తెలివైన పనిని ఈయన డోనట్ నములుతూ పాస్‌వర్డ్ చేసి పారేశాడు.

టేబుల్ అంచున గోరంత మైనం చుక్క గట్టిపడి ఉంది. రాయిస్ దాన్ని చూశాడు. చూసి వదిలేశాడు.

*

శాన్ డియాగో బేస్ పక్కనున్న పాత క్లబ్ హాల్లోకి రాయిస్ వెయిటర్ వేషంలో వెళ్ళాడు. తెల్ల కోటు, అంటించిన మీసం, చెవిలో వినికిడి యంత్రంలాంటి రేడియో.

గుమ్మం మీద పెద్ద బ్యానర్. "ఈ సాయంత్రం మిడ్‌వే యుద్ధాన్ని మీకు సమర్పిస్తున్నవారు: ట్రైక్రెస్ట్!"

యుద్ధాన్ని సమర్పించడమేమిట్రా, అదేమన్నా సర్కస్సా?

లోపల ఇంకా ఘోరం. విమానవాహక నౌక ఆకారంలో కేకు. దాని పక్కన మునుగుతున్న శత్రునౌక ఆకారంలో ఇంకో కేకు, మంటల కోసం పైన ఎర్ర జెల్లీ. కంపెనీ పెద్దల పెళ్ళాలు ఆ జెల్లీని వేలితో నాకి నవ్వుకుంటున్నారు. లక్కీ డ్రాలో మొదటి బహుమతి ఇత్తడి టార్పెడో బొమ్మ. ఆ రోజు సముద్రంలో కలిసిపోయినవాళ్ళ పేర్లు మెనూ వెనకాల ఉన్నాయి. చీమతలకాయంత అక్షరాల్లో, కాక్‌టెయిల్స్ కింద.

రాయిస్ పెన్ను తీశాడు. కేకులో ముంచాడు. సూపులో ముంచాడు. సలాడ్, గ్రేవీ, వెన్న, ఐసు, చివరికి ఊరగాయ దోసకాయల సీసాలో కూడా. నీలం రాలేదు.

వేదిక కింద, ముందు వరసకి ఒక పక్కగా, ఒంటరిగా ఒక చిన్న గుండ్రటి టేబుల్ ఉంది. తెల్లగుడ్డ, ఒక్క ఎర్రగులాబి, ప్లేటులో నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు. వెలిగించని కొవ్వొత్తి. ఖాళీ కుర్చీ. యుద్ధానికి పోయి తిరిగి రానివాళ్ళ టేబుల్ అది. ఇలాంటి ప్రతి డిన్నర్‌లో వేస్తారు. అందులో ఎవరూ కూర్చోరు. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

రాయిస్‌కి ఆ కుర్చీలో ఎప్పుడూ ఒకే మొహం కనిపిస్తుంది. డ్యూయీ లార్కిన్. వియత్నాంలో తన విమానం నడిపిన పైలట్. విమానం కూలినప్పుడు ఇద్దరూ ప్యారాచూట్‌లతో దూకారు. రాయిస్‌ని సముద్రంలోంచి లాగారు. డ్యూయీని ఇప్పటిదాకా ఎవరూ లాగలేదు.

ఆ టేబుల్ దగ్గరికి రాగానే రాయిస్ తలొంచాడు. కళ్ళు దించుకుని దాటిపోయాడు. హాలంతా ముంచిన పెన్నుని అక్కడ మాత్రం జేబులోంచి తియ్యలేదు. బాంబుల కోసం వెతికే దళంవాళ్ళు కూడా అంతే చేశారు.

"మిడ్‌వేలో నీళ్ళున్నాయా?"

వెనకనుంచి తేనెలాంటి గొంతు. మార్గో డెలాహంట్. పచ్చటి పట్టుగౌను, వీపు సగం ఖాళీ. ట్రైక్రెస్ట్ ప్రచార విభాగం పెద్ద. ఈ డిన్నర్ ఏర్పాట్లన్నీ ఆవిడవే. కార్నేషన్ ముఠాలో ఆవిడ మెంబరు, మూడేళ్ళుగా ముఠా గుట్లు నౌకాదళానికి చేరవేస్తున్నది కూడా ఆవిడే. డ్రాయింగులు అమ్మేవాడెవడో మాత్రం తనకీ తెలీదంటుంది.

"ఉప్పునీళ్ళే" అన్నాడు రాయిస్. "చెప్పు."

"కేకులో పెడతారు. ముసలాయనకిచ్చే మొదటి ముక్కలో. చెవి తెగిన వెయిటరొకడుంటాడు, వాణ్ణి వదలకు." గ్లాసు అంచుమీంచి నవ్వింది. "నీ మీసం ఊడుతోంది డార్లింగ్."

"నువ్వు నవ్వకు. పొద్దున హోబర్ట్ చచ్చిపోయాడు."

"అయ్యో పాపం" అంది మార్గో. గాజు తుడిచినట్టు నవ్వు తుడిచేసింది.

*

చీఫ్ క్రూస్ బక్కపలచని మనిషి. పాత యూనిఫాం ఒంటిమీద వేలాడుతోంది.

"మాంసం తీసుకుంటారా సార్?" అన్నాడు రాయిస్ వంగి.

"సార్ అనకు. చీఫ్‌నైనా నావికుణ్ణే, ఆఫీసర్ని కాదు, ఒళ్ళొంచి పనిచేసినవాణ్ణి" అన్నాడు ముసలాయన. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వేగా నన్ను చావకుండా చూసేవాడివి? ఆ మీసం చూస్తే నాకే చావాలనిపిస్తోంది."

"చీఫ్, కేకు ముట్టుకోకండి."

"నాకు షుగరు. మా ఆవిడ పోయినప్పట్నుంచి కేకు మొహం చూళ్ళేదు. ఆ సంగతి ఇక్కడందరికీ తెలుసు."

రాయిస్ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. అందరికీ తెలుసా? మరి కేకులో విషం ఎవడు పెడతాడు?

వేదిక మీద ట్రైక్రెస్ట్ వైస్ ప్రెసిడెంట్ గార్లండ్ ప్రూయిట్ మైకు పట్టుకున్నాడు. ఆయన మొదట్నుంచీ అక్కడే కుర్చీలో ఉన్నాడు. అడుగు తీసి అడుగు వెయ్యలేదు.

"మన వీరుల రక్తం..." అని గొంతు వణికించాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "అదే నిబద్ధత మా కొత్త టార్పెడోలో కూడా కనిపిస్తుంది!"

చప్పట్లు. రాయిస్ ఖాళీ ప్లేట్లు ఏరుకున్నాడు.

"ఇప్పుడు లేచి నిలబడండి. ముఖ్య అతిథి చీఫ్ క్రూస్ తిరిగిరానివాళ్ళ కోసం కొవ్వొత్తి వెలిగిస్తారు."

దీపాలు తగ్గించారు. గంట ఒక్కసారి మోగింది. మూడొందలమంది లేచారు, గుండెల మీద చేతులు పెట్టుకున్నారు. అంత రోత హాలు కూడా ఆ ఒక్క క్షణం గుడిలా అయిపోయింది. చీఫ్ కాళ్ళీడ్చుకుంటూ చిన్న టేబుల్ దగ్గరికి నడిచాడు. అగ్గిపుల్ల గీశాడు.

ఆ వెలుగులో రాయిస్ ఆ టేబుల్‌ని మొదటిసారి సరిగ్గా చూశాడు.

గ్లాసు నిలబెట్టి ఉంది. నిండా నీళ్ళు.

ఆ గ్లాసు బోర్లించి ఉండాలి! ఎప్పుడూ అంతే. రానివాడు మనతో కలిసి తాగలేడు, అందుకని. మనవాడెవడూ దాన్ని తిరగెయ్యడు, చిన్న కేడెట్‌కి కూడా తెలుసు. అంటే ఈ టేబుల్ సర్దింది మనవాడు కాదు. బయటివాడెవడో చెయ్యి పెట్టాడు. హోటల్ గది. మైనం చుక్క. చేదు బాదం.

కొవ్వొత్తి!

"చీఫ్! ఆగండి!"

ముసలాయనకి అటువైపు చెవి వినపడదు. పుల్ల వత్తికి తగిలింది.

రాయిస్ పరిగెత్తాడు. కుర్చీలు దాటాడు, ఒకావిడ గౌను తొక్కాడు, టేబుల్ ముందు ఆగాడు. ఒక్క అరక్షణం. చెయ్యి ముందుకి పోలేదు. డ్యూయీ కుర్చీ అది. మన్నించరా డ్యూయీ. గ్లాసు లాక్కుని నీళ్ళన్నీ కొవ్వొత్తి మీద కుమ్మరించాడు. చుయ్‌మంది. రెండో చేత్తో చీఫ్‌ని వెనక్కి నెట్టాడు. ముసలాయన గులాబీతో సహా వెల్లకిలా పడ్డాడు.

హాలు కొయ్యబారిపోయింది. తర్వాత పేలింది.

"సిగ్గులేదురా నీకు!"

"వెయిటర్ నాకొడుకు! ఆ టేబుల్ మీద చెయ్యేస్తాడా!"

పతకాల మనిషొకడు వచ్చి రాయిస్ దవడ మీద ఒక్కటిచ్చాడు. మీసం ఎగిరి సూపులో పడింది. రాయిస్ తిరిగి కొట్టలేదు. వాడి స్థానంలో తనున్నా అంతే చేసేవాడు. పెన్ను తీసి తడిసిన మైనంలో గుచ్చి పైకెత్తి చూపించాడు.

మొన ముదురు నీలం.

"వత్తి కింద విషం ఉంది. ఇంకాస్త కాలితే దాని ఆవిరి పీల్చి చీఫ్ పోయేవాడు. పొద్దున నా పార్ట్‌నర్ ఇలాగే పోయాడు."

కొట్టినవాడి చెయ్యి కిందికి దిగింది. వేదిక మీద ప్రూయిట్ మైకు వదిలేశాడు. పక్కమెట్ల వైపు నడవడం మొదలుపెట్టాడు. కుడికాలు కాస్త బయటికి విసురుతూ, నిదానంగా, ఏమీ జరగనట్టు.

నేల మీంచే చీఫ్ వేలెత్తాడు.

"అదీ నడక! వీడే! ఆగరా కుంటి కొంగా, నీ నడక నాకు తెలీదా! మా వీరుల రక్తమంటావా, థూ!"

ప్రూయిట్ నాలుగో మెట్టు దిగలేదు. కొట్టినవాడికి ఎవర్నో ఒకర్ని మళ్ళీ కొట్టాలని ఉన్నట్టుంది, ఆ ముచ్చట ప్రూయిట్ దవడ మీద తీర్చుకున్నాడు.

*

మార్గోని వంటగది తలుపు దగ్గర పట్టుకున్నారు. చేతికి సంకెళ్ళు పడ్డా ఆవిడ జుట్టు చెదరలేదు.

"మూడేళ్ళూ చిల్లర గుట్లు మాకిచ్చి, అసలువి వాళ్ళకిచ్చావు" అన్నాడు రాయిస్. "కొవ్వొత్తి నువ్వే పెట్టావు. కేకని నన్ను తిప్పావు. అంతా బాగానే చేశావు. గ్లాసెందుకు తిరగేశావు?"

మార్గో సంకెళ్ళ వైపు చూసుకుంది.

"కొవ్వొత్తి మారుస్తుంటే కనిపించింది. వెయిటర్లు మర్చిపోయారనుకున్నా. మా ఊళ్ళో కుర్చీ వేసి, ప్లేటు పెట్టి, గ్లాసు బోర్లిస్తే వచ్చినవాణ్ణి పొమ్మన్నట్టు. మా అమ్మ చంపేసేది." భుజాలెగరేసింది. "చెయ్యి ఊరుకోలేదు. నీళ్ళు పోశా."

ఒక మనిషిని చంపే కొవ్వొత్తి పెడుతూ, లేని అతిథికి మర్యాద చేసింది. రాయిస్‌కి ఒక్క క్షణం జాలేసింది. వెంటనే హోబర్ట్ నీలం పెదాలు గుర్తొచ్చి ఆ జాలి మీద ఉమ్మేయాలనిపించింది.

"తీసుకెళ్ళండి" అన్నాడు.

హాల్లోకి తిరిగొచ్చేసరికి కేకు పంచుతున్నారు! మైకులో ఎవరో, "చిన్న అంతరాయానికి క్షమించండి, లక్కీ డ్రా ఇప్పుడే!" అంటున్నారు. బ్యానర్ అలాగే ఉంది. ప్రూయిట్ పడ్డ చోట ఎవరో రుమాలు పరిచారు, జనం దాని మీంచే నడుస్తున్నారు.

రాయిస్ వంటగదిలోంచి మామూలు కొవ్వొత్తి ఒకటి తెచ్చాడు, పెన్నుతో గుచ్చి చూసి మరీ. తడిగుడ్డ మార్చాడు. నిమ్మచెక్క, ఉప్పు, గులాబి సర్దాడు. గ్లాసు తుడిచి జాగ్రత్తగా బోర్లించాడు. చీఫ్ నడుం పట్టుకుని వచ్చి పుల్ల గీశాడు. ఈసారి ఎవరూ లేచి నిలబడలేదు. అందరూ లక్కీ డ్రా నంబర్లు చూసుకుంటున్నారు. ఇద్దరే నిలబడ్డారు.

"నీవాడెవడన్నా ఉన్నాడా ఇందులో?" అన్నాడు చీఫ్.

"ఉన్నాడు చీఫ్."

"నాకూ ఉన్నాడు. ముందుసీటువాడు."

చెవిలో రేడియో గరగరలాడింది. స్లోకమ్. ఏదో నములుతున్నాడు.

"టాల్మడ్జ్! ఏమైందయ్యా అక్కడ? మిడ్‌వేలో నీళ్ళున్నాయా?"

రాయిస్ బోర్లించిన గ్లాసు వైపు చూశాడు.

"లేవు సార్. ఇప్పుడే సరిచేశాను."