ఆరు వారాలకోసారి

నేను ఆమెను మొదటిసారి చూసిన రోజే ఆమె నన్ను గుర్రం దగ్గర్నుంచి వెళ్లగొట్టింది.

అప్పటికి నేను ఈక్వైన్ సైన్స్, అంటే గుర్రాల చదువు, రెండో ఏడాదిలో ఉన్నాను. గుర్రం ఒంట్లో రెండువందల అయిదు ఎముకలుంటాయని, దాని గుండె నిమిషానికి ముప్పై, నలభై సార్లే కొట్టుకుంటుందని, అడిగినా అడక్కపోయినా అందరికీ చెబుతుండేవాణ్ణి. ఇది నా మూడో కోర్సు. మొదటిది నాలుగు నెలల్లో, రెండోది ఒక సెమిస్టర్‌లో మానేశాను. ఇదీ మధ్యలో వదిలేస్తే గడప తొక్కొద్దని అమ్మ తెగేసి చెప్పింది. కానీ గుర్రాలంటే నాకు నిజంగానే ప్రాణం. నాకు ఒకచోట కుదురుగా ఉండటం చేతకాదు. పరిగెత్తే జంతువు కదా, మా ఇద్దరికీ బాగా పడుతుందనుకున్నాను. గుర్రపుశాల సూపర్‌వైజర్ మాత్రం నన్ను 'కాలుగాలిన పిల్లి' అనేవాడు. నన్ను పిలవడానికి కూడా అదే వాడేవాడు.

ఆ రోజు దొర గిట్టలకు ఇనప నాడాలు మార్చాలి. దొర అంటే మా కాలేజీలో అన్నిటికన్నా పెద్ద గుర్రం, తెల్లది, పొగరుది. తాడు పట్టుకుని నిలబడటం నా పని. ఎప్పుడూ నాడాలు కొట్టే ముసలి మేస్త్రీగారు వస్తారనుకుంటే, వ్యానులోంచి తోలు ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి దిగింది. మేస్త్రీగారికి నడుం పట్టేసిందట. ఇకనుంచి ఆయన కూతురే వస్తుందట.

ఆమె దొర ముందుకాలు ఎత్తి, మోకాళ్ల మధ్య బిగించి, పాత మేకులు పీకడం మొదలుపెట్టింది. నేను తాడును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. కాలు మార్చుకున్నాను. ఆమె జడలో ఇరుక్కున్న గడ్డిపోచను చూసి మళ్లీ కాలు మార్చుకున్నాను. నేను కదిలినప్పుడల్లా దొరా కదిలింది. మూడోసారి కాలు లాక్కోగానే ఆమె తలెత్తి చూసింది.

"ఒక్క నిమిషం కదలకుండా ఉండగలరా?"

"ఉన్నానుగా," అన్నాను, కదులుతూనే.

ఆమె లేచి వచ్చి, నా చేతిలో తాడు తీసుకుని గోడకున్న కడియానికి కట్టేసింది. "బయట నిలబడండి. మీరు కుదురుగా ఉంటే అదీ కుదురుగా ఉంటుంది. మీ పుస్తకాల్లో రాయలేదా?"

రాశారు. ఆ ప్రశ్నకు నాకు పదికి తొమ్మిది వచ్చాయి కూడా.

బయట వాన. చూరు కింద సగం తడుస్తూ, తలుపు సందులోంచి ఆమె పని చూస్తూ నిలబడ్డాను. వాన నా ఎడమ భుజాన్ని మాత్రమే పట్టుకుని తడిపింది. వ్యాను వెళ్లిపోయాక, ఈమె మళ్లీ ఎప్పుడొస్తుందని సూపర్‌వైజర్‌ను అడిగాను. గిట్ట కూడా మన గోళ్లలాగే పెరుగుతుంది, ఆరు వారాలకోసారి నాడా తీసి కత్తిరించాలి, అప్పుడొస్తుందన్నాడు. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. నేను లిఫ్ట్ కోసమే ఆగలేక మెట్లెక్కే రకాన్ని.

రెండోసారి వచ్చినప్పుడు పళ్లు బిగబట్టి కదలకుండా నిలబడ్డాను. పర్లేదే అంది. ఇది నా మూడో కోర్సని తెలిసి, మరి నాలుగోది ఏం అనుకుంటున్నారని అడిగింది. తన సంగతీ చెప్పింది. ఆడపిల్ల నాడాలేం కొడుతుందని వాళ్ల నాన్న పాత ఖాతాదారులు నలుగురు అప్పటికే తప్పుకున్నారు. మా కాలేజీ గుర్రాలు పన్నెండు. ఇవి కూడా పోతే వ్యాను అమ్ముకోవడమేనట. నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

ఆ తర్వాత నాకు పుస్తకం మీద కళ్లు నిలవలేదు. గుర్రం జీర్ణవ్యవస్థ గురించి చదువుతుంటే ఏప్రన్ గుర్తొచ్చేది. గదిలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి.

నాడాకు కొట్టిన మేకుల కొనలు గిట్ట పక్కనుంచి బయటికొస్తాయి. వాటిని వంచి నున్నగా అరగదీస్తారు. ఆ వంపులే నాడాను పట్టి ఉంచుతాయి. ఒక్కోసారి ఒక వంపు కాస్త లేస్తుంది, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే సరిపోతుంది. అది మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. మూడో వారంలో దొర గిట్టకు అలాంటిది ఒకటి కనిపించింది. సుత్తి పక్కనే ఉంది. నేను ఫోన్ తీసి ఆమెకు చేశాను.

వచ్చింది. ఒక్క దెబ్బ వేసింది. ఇది మీకు రాదా అని అడిగితే, మీరు వేస్తే బాగుంటుందని అన్నాను. ఆమె పకపకా నవ్వింది. ఇరవై నిమిషాలు కూర్చుని టీ తాగి వెళ్లింది. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఇంకో పదకొండు రోజులు ఎలాగో ఓర్చుకున్నాను. తర్వాత పన్నెండు గుర్రాల గిట్టలూ ఎత్తి చూశాను. ఆమె పనిలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు ఆకురాయి తీసుకుని, దొర కుడి ముందుకాలి మీద మూడు మేకుల వంపులు పూర్తిగా పోయేలా నేనే అరగదీశాను. ఒక్క పూటలో గుర్రానికేం కాదని నాకు నేను చెప్పుకున్నాను. నాడా వదులైందని ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే వస్తానంది.

మర్నాడు దొరను బయటికి వదలొద్దని ఎవరికీ చెప్పలేదు. సూపర్‌వైజర్ మామూలుగానే మైదానంలోకి వదిలాడు. దొర పరుగందుకుంది. నాడా ఊడిపోతూ రెండు వేళ్ల వెడల్పున గిట్ట ముక్కను కూడా లాక్కుపోయింది. ఆదివారం పోటీల్లో దూకాల్సిన గుర్రం మూడు కాళ్ల మీద నిలబడింది. ఆ సమయంలో నేను, ఆమె వస్తుంది కదా అని, క్షవరం చేయించుకుంటున్నాను.

నేను తిరిగొచ్చేసరికి సూపర్‌వైజర్ ఆమెను కడిగిపారేస్తున్నాడు. ఇరవై ఏళ్లలో మేస్త్రీ వేసిన నాడా ఒక్కటీ ఊడలేదని, ఇకమీదట ఆమె రానక్కర్లేదని అంటున్నాడు. ఆమె మైదానంలోకి నడిచింది. గడ్డిలో పడున్న నాడాను వెతికి తెచ్చింది. మేకును వేళ్ల మధ్య తిప్పి, కొన మీద బొటనవేలు రాసింది. అక్కడ ఆకురాయి గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

ఆమె సూపర్‌వైజర్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. మేకును ఏప్రన్ జేబులో వేసుకుంది.

గుర్రాల సంతానోత్పత్తి కేంద్రంలో నాకు శిక్షణ కోసం రాసిన సిఫార్సు ఉత్తరం అప్పటికి సూపర్‌వైజర్ సొరుగులోనే ఉంది. ఆ వారమే సంతకం చేస్తానన్నాడు. అది వస్తే నా జీవితంలో మొదటిసారి ఒక పని చివరిదాకా చేసినట్టు. నా కాళ్లు ఎందుకో అప్పుడు కదల్లేదు.

"సార్, తప్పు ఆమెది కాదు," అన్నాను. "ఆకురాయితో ఆ మేకులు నేనే అరగదీశాను."

"ఎందుకు?"

"ఆమెను చూడాలనిపించింది."

సూపర్‌వైజర్ చాలాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. తిట్టినా బాగుండేది. లోపలికెళ్లి ఉత్తరం తెచ్చి నా ఎదురుగానే చింపాడు. ఆమెకు క్షమాపణ చెప్పాడు. దొర గిట్ట పూర్తిగా పెరిగేదాకా ఆ కాలు నా పూచీ అని, ఒక్కరోజు తప్పినా కోర్సులోంచి పంపించేస్తానని అన్నాడు.

వ్యాను ఎక్కబోతూ ఆమె ఆగింది.

"మా నాన్న పేరు పోయేది. నా చేతి పని పోయేది. మీకు మాత్రం ఇదంతా సరదా. నేను పలకరించేదాకా నాతో మాట్లాడకండి."

గిట్ట నెలకు ఒక సెంటీమీటరైనా పెరగదు. రోజూ పొద్దున్నే దొర కాలు కడిగి, మందు రాసి, మెత్తటి నేల మీద పది నిమిషాలు నడిపించాలి. కొలత పుస్తకంలో రాసుకోవాలి. ఏ రోజూ నిన్నటికన్నా తేడా కనపడేది కాదు. పారిపోవాలనిపించేది. అమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాను. కోర్సు మానెయ్యలేదు కదా అని మాత్రం అడిగింది.

ఆరు వారాలకు ఆమె వచ్చింది. నేను తాడు పట్టుకున్నాను, ఆమె పని చేసుకుంది, వెళ్లిపోయింది. ఒక్క మాట లేదు. ఆ తర్వాతిసారి వెళ్తూ వెళ్తూ, "తాడు కొంచెం వదులుగా పట్టుకో," అంది. పట్టుకోండి అనలేదు, పట్టుకో అంది. ఆ ఒక్క మాట మీద ఇంకో ఆరు వారాలు బతికాను.

ఆ గొడవ తర్వాత నాలుగోసారి వచ్చినప్పుడు వ్యానులోంచి మేస్త్రీగారు కూడా దిగారు. నడుముకు బెల్టు కట్టుకుని, మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చుని, కాలు ఎత్తి పట్టుకోమని నాకు సైగ చేశారు. ఆమె పగిలిన గిట్టలో మిగిలిన ఆఖరి ముక్కను కత్తిరించి కింద పడేసింది. మేస్త్రీగారు గిట్ట అంచు చుట్టూ బొటనవేలితో తడిమారు. నా గుండె నిమిషానికి నూట నలభై దాటి ఎక్కడికో పోయింది.

"విరగ్గొట్టింది ఇతనేనా?" అని కూతుర్ని అడిగారు.

"ఇతనే."

"పెంచింది?"

"ఇతనే, నాన్నా."

ఆయన గిట్టను ఇంకోసారి చూశారు. "గిట్ట బాగానే పెంచాడు. మిగతాది నువ్వు చూసుకో," అని లేచి, వెళ్లి వ్యానులో కూర్చున్నారు.

ఆమె పనిముట్లు పెట్టెలో సర్దుకుంటోంది. ఒకే సుత్తిని రెండుసార్లు సర్దింది.

"నాకు నీ మీద ఇంకా కోపం పూర్తిగా పోలేదు," అంది తలెత్తకుండా. "కానీ ఆ రోజు నిజం చెప్పకుండా ఉండే వీలు నీకుండింది. అయినా చెప్పావు. అది మర్చిపోదామంటే కుదరట్లేదు." పెట్టె మూసింది. "చూడాలనిపిస్తే ఫోన్ చేసి ఆ మాటే చెప్పాలి. మధ్యలో గుర్రం ఎందుకు?"

నేను ఫోన్ తీశాను. మా మధ్య మూడడుగుల దూరం. ఆమె ఏప్రన్ జేబులో ఫోన్ మోగింది. ఆమె దాన్ని బయటికి తీసి, పేరు చూసి, నాలుగు రింగులు మోగనిచ్చి, నా వైపు వీపు తిప్పి మరీ ఎత్తింది.

"చూడాలనిపిస్తోంది," అన్నాను.

"ఎప్పుడు?"

"రేపు. ఎల్లుండి. ఆ తర్వాత కూడా."

"నాడా ఏదైనా వదులైందా?"

"లేదు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఊరికే."

వెనకనుంచి ఆమె చెవులు ఎర్రబడటం కనిపించింది.

"ఊరికే అయితే వస్తాను," అంది.