నీలం గడుల కాపలా

మార్టూరు అవతల పాడుబడ్డ గ్రానైట్ క్వారీ నీళ్లలోంచి ఫిలిప్ శవాన్ని పైకి లాగేసరికి, ఒడ్డున అతని బైక్‌లో ఉన్న ఫోన్‌లో గేమ్ ఇంకా నడుస్తూనే ఉంది.

"తెరిచి చూడమ్మా," అన్నాడు నిఘా విభాగం చీఫ్ శివరామకృష్ణ, ఆ ఫోన్‌ని బల్ల మీద జరుపుతూ. మంగళగిరిలో చీరల షాపు పైన గది అది. బయట బోర్డు మాత్రం ట్యూషన్ సెంటర్‌ది.

సాజిదా చూసింది. బ్రౌజర్‌లో ఆడే బుల్లి స్ట్రాటజీ గేమ్. ఆరు మూలల గడులు. ఎరుపొకరు, నీలమొకరు. ఎత్తుకి గంట గడువు, దాటితే ఆ ఎత్తు పోయినట్టే. దారిలో ఎదురు లేకపోతే సైన్యం ఒక్క ఎత్తులో ఎంత దూరమైనా పోతుంది. ఎదుటివాడి కోట పట్టినవాడిదే గెలుపు.

విదేశీ ముఠా ఒకటి దీన్నే సిగ్నల్‌గా వాడుతోందని చీఫ్ చెప్పాడు. అద్దంకి, మార్టూరు మధ్య నాలుగు కోల్డ్ స్టోరేజీలున్నాయి. వాటిలో ఏదో ఒకదాంట్లో వాళ్ల మనిషి కూర్చుని ఈ ఒక్క గేమ్‌నే చూస్తుంటాడు. ఎరుపు గెలిస్తే చల్లదనానికి వాడే విషవాయువు అమ్మోనియా లైన్ తెరవాలి. నీలం గెలిస్తే పారిపోవాలి. నీలంగా ఆడుతున్న ముఠావాణ్ణి చీఫ్ మనిషైన ఫిలిప్ పట్టుకుని, వాడి బదులు తనే ఆడుతూ పద్దెనిమిది రోజులు ఎరుపుని ఆపాడు.

"నాలుగూ ఖాళీ చేయించలేమా సార్?"

"జనం కదిలితే ఆ క్షణమే తెరిచేస్తాడు."

ఆ నాలుగింట్లో ఒకదాని పక్క కల్లంలోనే సాజిదా వాళ్లమ్మ ఖాజాబీ మిరపకాయలు ఏరుతుంది. చీఫ్ ఈమెనే పిలిపించింది అందుకే. తల్లి పక్కన కూతురు పనికి కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదు. ఫిలిప్ బదులు నీలం ఆడుతూనే, అక్కడ ముఠా మనిషి ఉన్నాడేమో కనిపెట్టాలి. అయితే తల్లికి కూడా ఒక్క ముక్క చెప్పకూడదు. సాజిదా తలూపింది. అలా ఊపినందుకు తర్వాత చాలా రోజులు ఆమెకి అన్నం సయించలేదు.

చెవి జూకాలో మైకు పెట్టారు. శత్రువు దొరికితే "తాలు దొరికింది" అనాలి. రంగు లేని కాయని తాలంటారు. ఏరేవాళ్ల నోట్లో రోజంతా నానే మాట.

హెడ్డాఫీసు గేమ్ అనలిస్ట్ శ్రీరమ్య కూడా ఆ గదిలోనే ఉంది. నల్లద్దాలు, హైహీల్స్, గదంతా సెంటు. తను పుట్టి పెరిగింది ఢిల్లీలోనని, మిరపకాయ చెట్టుకి కాస్తుందో తీగకి కాస్తుందో తెలీదని నవ్వింది.

కల్లంలో నాలుగు రోజులు గడిచాయి. నడి ఎండలో అరవై మంది ఆడవాళ్లు ఎర్రటి కాయల మధ్య కూర్చుని ఏరుతున్నారు. సాజిదా ఒళ్లో చున్నీ కింద ఫోన్. మంగళగిరిలో ఉద్యోగం పోగొట్టుకొచ్చింది చాలక ఇక్కడా ఆ బొమ్మలేంటే అని ఖాజాబీ తిట్టని గంట లేదు.

ఐదో రోజు పొద్దున సాజిదాకి ఎరుపు ఆట తిక్కగా తోచింది. ఎవరైనా ముందు నడిమి గడుల కోసం కొట్టుకుంటారు. ఎరుపు మాత్రం తన నేల చుట్టూ రెండు వరసలు నింపి, ఆ తర్వాతే లోపలికి వస్తోంది. ఆ పని ఆమె చిన్నప్పటినుంచీ చూసిందే. పురుగు లోపలికి రాకుండా మిరప చేను చుట్టూ నాన్న ముందు రెండు వరసలు జొన్న వేసేవాడు. ఇది ఎవడో విదేశీ ఆడే ఆట కాదు. ఈ నేల మీద పెరిగిన మనిషిది.

ఇంకోటి కూడా కనిపించింది. బలమంతా అంచునే ఉంది. లోపల కోట దగ్గర కాపలా లేదు. సాజిదా తన కోటని గాలికొదిలేసి, మూడు ఎత్తుల్లో నీలం సైన్యాన్నంతా ఒకే గడిలోకి చేర్చింది. నాలుగో ఎత్తులో అంచు తెగితే సరే. తెగకపోతే అమ్మ ఉండదు.

నాలుగో ఎత్తు గడువు చివరికొస్తుండగా కల్లం దగ్గర కారు ఆగింది. ఎక్స్‌పోర్ట్ కంపెనీ ఇన్‌స్పెక్టర్ వేషంలో శ్రీరమ్య దిగింది. కాయలు పోసిన టార్పాలిన్ పట్టా అంచు దాకా వచ్చి, ఫోన్ చూసుకుంటూనే హైహీల్స్ విడిచి, ఉత్తి కాళ్లతో కాయల మధ్యకి నడిచింది.

పంట మీద చెప్పులతో కాలు పెట్టకూడదని ఢిల్లీలో ఎవరు నేర్పుతారు?

"చీఫ్ ఆర్డర్. ఫోనివ్వు. ఇక నేనాడతా."

సాజిదా పక్కకి తిరిగింది. "అమ్మా, తాలు దొరికింది."

"దొరికితే ఏరి అవతల పడెయ్. దానికి నన్ను పిలవడమెందుకే?" అంది ఖాజాబీ తల ఎత్తకుండా.

శ్రీరమ్య హ్యాండ్‌బ్యాగ్‌లోకి చెయ్యి పోనిచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. బ్యాగ్ మూతి ఖాజాబీ వీపు వైపు ఉంది.

"మీ నాన్న చేను చుట్టూ ఏం వేసేవాడు మేడం? జొన్నా, మొక్కజొన్నా?"

శ్రీరమ్య తన ఉత్తి పాదాల వంక చూసుకుంది. "జొన్న," అంది నెమ్మదిగా. "ఫిలిప్‌కి ఇంత కూడా తెలీలేదు. ఊరికే చచ్చాడు. ఫోనివ్వు."

గడువుకి ఇంకా తొమ్మిది సెకన్లు. చున్నీ కింద సాజిదా బొటనవేలు నీలం గడిని నొక్కింది. స్క్రీన్ పలకలేదు. వేలికి మిరప జిగురు. మళ్లీ నొక్కింది. లేదు. మూతి తుడుచుకుంటున్నట్టు చెయ్యెత్తి వేలు నాకేసింది. నోరు భగ్గుమంది. చున్నీకి తుడిచి, మూడోసారి నొక్కి లాగింది. అంచు తెగింది. ఖాళీ గడుల మీదుగా నీలం దూసుకుపోయింది. మిగిలింది ఒక్క సెకను.

"తీసుకోండి మేడం."

స్క్రీన్ అంతా నీలం.

శ్రీరమ్య చెయ్యి బ్యాగ్‌లోంచి బయటికి రాకముందే, అప్పటిదాకా ట్రాక్టర్ కింద కునుకు నటిస్తున్న డ్రైవర్ లేచొచ్చి, వెనక నుంచి ఆమె మణికట్టు పట్టేశాడు. జూకా మైకులో మాట విన్న చీఫ్ మనిషి అతను. అదే నిమిషంలో పక్కనే ఉన్న ఈ స్టోరేజీ ఇంజన్ రూమ్‌లోంచి ఆపరేటర్ వీరబాబు సంచీ పట్టుకుని గేటు వైపు పరుగెత్తాడు. మూడేళ్లుగా కూలీలందరినీ అక్కా, పిన్నీ అని పిలిచిన మనిషి. బస్తాలెత్తే వేషంలో ఉన్న ఇద్దరు అతన్ని నేలకేసి పట్టారు. దొంగ దొరికాడనుకుని ఆడవాళ్లు మళ్లీ పనిలో పడ్డారు.

ఫిలిప్ క్వారీలో కాలు జారి పోయాడని పేపర్లో రెండు లైన్లు వచ్చాయి. సాజిదా పేరు ఎక్కడా రాలేదు.

ఆ ఐదో రోజు సాయంత్రమే కూలీలు ఆటో ఎక్కుతుంటే మేస్త్రి ఖాజాబీని పక్కకి పిలిచి, నీ కూతురు పని మానేసి ఫోన్‌లో ఆటలాడుతోంది, రేపట్నించి తీసుకురావద్దని చెప్పాడు.