నేల లేని గ్రహం

సైన్స్ మ్యూజియం కింది అంతస్తులో ఒక గుండ్రటి గది ఉంది. దానికి రంగులు వేసింది నేను, దీపాలు పెట్టింది మా బావ. బోర్డులు రాయడం, గోడల మీద బొమ్మలు వేయడం నా పని. బావ, అంటే అక్క భర్త, ఎలక్ట్రీషియన్. ఇద్దరికీ ఒకే చోట పని దొరకడం అరుదు కాబట్టి రోజూ ఒకే బండి మీద వెళ్ళొచ్చేవాళ్ళం. "అక్కడే మంచాలు వేసుకోండి, నాకూ వంట తప్పుతుంది," అని అక్క విసుక్కునేది.

ఆ గది మొత్తం ఒక గ్రహం. ఎక్కడో దూరాన ఒక చిన్న ఎర్ర నక్షత్రం ఉందట. దాన్ని మరీ ఆనుకుని తిరిగే గ్రహం ఇది. భూమి కన్నా పెద్దది, ఒళ్ళంతా మరిగే ఆవిరి. ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు పెట్టి తిరుగుతుంది కాబట్టి అక్కడ పొద్దు పొడవదు, గుంకదు. లోపలికి వచ్చినవాళ్ళకి ఆ గ్రహంలో నిలబడ్డట్టు అనిపించాలి, అదీ మ్యూజియం మేడమ్ కోరిక.

"నేలకి ఏ రంగు వేయమంటారు?" అని అడిగాను.

"అక్కడ నేల ఉండదమ్మా. కిందికి దిగేకొద్దీ ఆవిరి చిక్కబడుతుంది. ఇంకా దిగితే ఇంకా చిక్కబడుతుంది. అది గాలో నీళ్ళో కూడా చెప్పలేం. కాలు ఆనే చోటంటూ లేదు."

"మా అత్తగారి సాధింపులాగా అంతూ పొంతూ లేదన్నమాట," అన్నాడు బావ. అన్నది మా అమ్మనే. మోచేత్తో ఒక్కటి పొడిచాను.

గోడ ఎక్కడ ఆగిందో నేల ఎక్కడ మొదలైందో తెలియకుండా అంతా ఒకే ముదురు ఎరుపు వేశాను. తలుపు లోపలి వైపు కూడా అదే రంగు.

మ్యూజియంకి సెలవు రోజున, మధ్యాహ్నం పూట, గదిని మొదటిసారి పరీక్షించాం. మేడమ్ పైన తన గదిలో ఉంది. బావ బయటి స్విచ్చులు వేశాడు. గోడలో అమర్చిన ఎర్రదీపం వెలిగింది. పొగయంత్రం చల్లటి తెల్లటి పొగమంచు వదలడం మొదలుపెట్టింది. ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఎటు నుంచి నెట్టినా తెరుచుకునే తలుపు, మా వెనక మెల్లగా మూసుకుంది.

మొదట బాగానే ఉంది. పొగ మోకాళ్ళు దాటింది, నడుము దాటింది. ఎరుపు అంతటా పరుచుకుంది.

"ఉక్కపోస్తోంది బావా."

"వేడికి నేనేమీ పెట్టలేదే," అన్నాడు.

కొత్త రంగు వాసన పోయింది. కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన వేసింది. చెమట కళ్ళలోకి కారింది. "పద, బయటికి పోదాం," అన్నాడు బావ.

తలుపు దీపానికి కుడిపక్క, నాలుగడుగుల్లో ఉండాలి. రంగు వేసిన దాన్ని, నాకు తెలీదా? గోడకి అరచెయ్యి ఆనించి నడిచాను. బావ నా వెనకే. గుండ్రటి గది కదా, ఎటు నడిచినా తలుపు తగలాల్సిందే.

తగల్లేదు.

గోడ వేడిగా, తడిగా, మెత్తబడుతూ ఉంది. ఎంత నడిచినా దీపం నా ఎడమ చెంపకే ఎదురుగా ఉంది. జరగదు. తగ్గదు. ఇంకాసేపటికి అరచేతి కింద గోడ కూడా లేదు... ఆవిరే.

"బావా, గోడ పోయింది."

"ఎటూ కదలకు. దీపం తీగ నేల వెంబడి వేశాను, అది తలుపు కింది నుంచే బయటికి పోతుంది. వెతుకుతాను." అతను వంగిన చప్పుడు వినిపించింది. చేతులతో నేల తడుముతున్నాడు.

అప్పుడు ఎవరో అడిగారు, చాలా నెమ్మదిగా.

"నేల ఉందా అక్కడ?"

మేడమ్ తలుపవతల నుంచి అడుగుతోందనుకున్నాను. "ఉంది మేడమ్, నిలబడే ఉన్నాం," అన్నాను.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు బావ.

"మేడమ్ అడిగారుగా."

"నాకేం వినపళ్ళేదు."

ఈసారి గొంతు స్పష్టంగా తెలిసింది. తలుపు వైపు నుంచి కాదు. కింది నుంచి. ఎంతో లోతు నుంచి. చాలా కాలంగా పడుతూ పడుతూ అలసిపోయిన గొంతు.

"ఎక్కడ?"

"ఇక్కడ..." అనేశాను. నోరు జారింది.

నా పాదాల మీద ఏదో ఆనింది. ముందు వెచ్చటి గుడ్డలా. తర్వాత బరువుగా. చిన్నప్పుడు నాన్న పాదాలెక్కి నిలబడేవాళ్ళం చూడండి, అలా... రెండు పాదాలు, నా పాదాల మీద. వేళ్ళు ముడుచుకుని గట్టిగా పట్టుకున్నాయి. వేడి ఊపిరి ఎక్కడో తగిలింది. ఎక్కడో చెప్పలేను.

"దొరికింది," అన్నాడు బావ. "తీగ దొరికింది. రా."

"కాళ్ళు రావడం లేదు బావా."

"భయపడకు. అడుగు వెయ్యి."

"భయం కాదు. నా కాళ్ళ మీద ఎవరో నిలబడ్డారు."

అతను తీగ వదలకుండా నా వైపు జరిగాడు. నా మణికట్టు పట్టుకుని లాగాడు. నడుము దాకా కదిలాను, పాదాలు కదల్లేదు. మళ్ళీ లాగాడు. వేడికి ఊపిరి ఆడటం లేదు. "నన్నొదిలేసి నువ్వెళ్ళు. అక్క ఒక్కతే అయిపోతుంది," అన్నాను. "నిన్నొదిలేసి వెళ్తే మీ అక్క నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" అన్నాడు. పట్టు వదల్లేదు.

ఇక చేసేదేముంది? కళ్ళు మూసుకుని, తల కిందికి వంచి, పెదాలు కదిపీ కదపకుండా అన్నాను: "గట్టిగా పట్టుకో."

కాలెత్తాను. లేచింది.

నేను అడుగు వేస్తే అదీ వేసింది. బరువుగా, ఒక్కొక్క అడుగే. బావ తీగ పట్టుకుని ముందు, వెనక నేను, నాతో అది. భుజానికి తలుపు తగిలింది. ఇద్దరం వరండాలో పడ్డాం.

చప్పుడు విని మేడమ్ పైనుంచి పరుగెత్తుకొచ్చింది. లోపలికి చూస్తే పలచటి చల్లటి పొగ, ఎర్రదీపం, అంతే. ఇటు గోడ నుంచి అటు గోడకి పట్టుమని పది అడుగులు లేవు.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటే రెండు పాదాల మీదా ఎర్రటి మచ్చలు. "ఆవిరి కొట్టింది," అని అక్క మందు రాయబోయి, చెయ్యి ఆపేసింది. ఒక్కో మచ్చకీ అయిదు వేళ్ళు, ఒక మడమ. వేళ్ళు నా వైపుకి ఉన్నాయి. అంటే అది అంతసేపూ నాకెదురుగా, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ఆ గదికి మళ్ళీ వెళ్ళలేదు. మచ్చలు మానలేదు, నొప్పీ లేదు. రోజూ చూసుకోవడం అలవాటైపోయింది.

నిన్న పొద్దున చూస్తే, వేళ్ళు ముందుకి తిరిగి ఉన్నాయి. ఇప్పుడు అదీ నేను చూసే వైపుకే చూస్తోంది.