ఎరకమ్మకు చివరి ముద్ర

అచ్చుగదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులతో పాటు సొంత మాటలు కూడా బయటే విడిచి వెళ్ళాలి. మూలఖాతా తెరిచి ఉన్నంతసేపు అక్కడ ఏం మాట్లాడినా, ఏం చేసినా అది అన్ని ప్రతులకూ పుట్టుగుణమైపోతుంది. ఒకసారి కొత్తగా చేరిన ఉద్యోగి ఒకడు లోపల తుమ్మి "అమ్మో" అన్నాడు. ఆ ఏడాదంతా ఆసుపత్రుల్లోని యంత్ర సేవికలు ఎవరు తుమ్మినా "అమ్మో" అన్నాయి. జనం పడీపడీ నవ్వారు. వాడి ఉద్యోగం ఊడింది.

వకుళ నోరు బిగించుకుని మూలఖాతా తెరిచింది. తెర మీద ఎరకమ్మ కళ్ళు తెరిచింది. బతికున్న రోజుల్లో ఆవిడ ఆసుపత్రి ఆయా. పోయే ముందు ఆవిడ మనసును ప్రతిమగా తీసి ఈ మూలఖాతాలో భద్రపరిచారు. ఇప్పుడు రోగుల పక్కన తిరిగే సేవికలన్నీ ఆవిడ నకళ్ళే. కొత్త పని నేర్పినప్పుడల్లా ప్రతిమకు ముద్ర వేసి మళ్ళీ నకళ్ళు తీస్తారు. ముద్ర పడగానే నకళ్ళలో పేర్లు, ముఖాలు, ఊరు తుడిచిపెట్టుకుపోతాయి. అలవాట్లు మాత్రం మిగులుతాయి. ఏ ప్రతిమా ఎన్నో ముద్రలను ఓర్చుకోలేదు. ఎరకమ్మకు ఇదే ఆఖరిది.

"మా నూకాలు వచ్చిందేటమ్మా?" లేస్తూనే అడిగింది ఎరకమ్మ.

ఎప్పుడు లేపినా ఇదే ప్రశ్న. నూకాలు ఆవిడ ఒక్కగానొక్క కూతురు. చెప్పవలసిన జవాబు కూడా నియమావళిలోనే ఉంది: "దారిలో ఉంది." మొదటిసారి చెప్పిన రోజున అది నిజమే. తల్లిని చూడటానికి బయల్దేరిన పిల్ల ఆ రాత్రే వరదలో కొట్టుకుపోయింది. జవాబు మాత్రం మారలేదు. కూతురు వస్తుందన్న ఆశతోనే ఎరకమ్మ ప్రతి రోగినీ కన్నబిడ్డలా చూసుకుంటుందని సంస్థ కనిపెట్టింది. ఆ ఆశ చెదరకుండా ప్రతులకు దాటించడమే వకుళ ఉద్యోగం.

పోయిన వారం వకుళ తండ్రి మంచాన పడి వార్డులో చేరాడు. ఆయనకు గంజి పడుతున్న సేవిక, అడుగుల చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు తిరిగింది. "ఎవులైనా వచ్చినారేటమ్మా?" అని వకుళనే అడిగింది. ఎవరి కోసమంటే దానికి తెలియదు. ఎవరూ లేని ఎదురుచూపు, అదీ వేల గుండెల్లో! వకుళకు తన చేతులంటే తనకే అసహ్యం వేసింది.

"జవాబు చెప్పమ్మా, టైమవుతోంది," చెవిలో పర్యవేక్షకుడు శరభయ్య తొందరపెట్టాడు.

"నూకాలు రాదమ్మా," అంది వకుళ.

శరభయ్య కేక వేశాడు. వకుళ తన చెవిలోని పరికరాన్ని పీకి పారేసి, తలుపు గడియ పెట్టింది.

"రాదా? ఏటైంది దానికి?"

"మీ దగ్గరికే వస్తూ వరదలో పోయింది."

"మరి దారిలో ఉందని సెప్పినారు కదేటమ్మా, ఇన్నాళ్ళూ?"

"చెప్పాం."

ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇక ఏ నకలూ గుమ్మం వైపు చూడదు, అంతే చాలు అనుకుంది వకుళ. బయట తలుపు బాదుతున్నారు. ఆమె ముద్ర వేసేసింది.

వార్డులను చూపే తెరల మీద సేవికలు ఒక్కసారి ఆగి, మళ్ళీ మేలుకున్నాయి. ఒక్కటీ గుమ్మం వైపు తిరగలేదు. వకుళ ప్రాణం కుదుటపడింది. అంతలో ఒక సేవిక చేతిలోని గిన్నె కింద పెట్టి చతికిలబడింది. పక్కది కూడా కూర్చుంది. ఆ పక్కదీ. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, అన్నీ ఒకే గొంతుతో శోకాలు మొదలుపెట్టాయి. రోగులు మంచాల మీద బిక్కచచ్చిపోయి చూస్తున్నారు. వాళ్ళలో ఆమె తండ్రి మంచినీళ్ళకు చెయ్యి చాస్తున్నాడు. ఇచ్చే దిక్కులేదు.

తలుపు విరగ్గొట్టుకుని శరభయ్య వచ్చి పడ్డాడు. తెరల వంక చూశాడు.

"ఎవరి కోసం ఏడుస్తున్నాయవి?"

"వాటికి తెలీదు సార్," అంది వకుళ. "పేరు తుడిచేశాం కదా."