గాలి తీయని గొట్టం

ఆ క్లిప్పు తన చేత్తో బిగించింది కాదు.

కారు ముక్కు కింద వెల్లకిలా పడుకున్న ఏజెంట్ సైలెన్సర్ దాన్ని తేరిపార చూశాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అదే. ఈ షెడ్డులో మాత్రం మెకానిక్ వేషం. శత్రు ముఠా రహస్య సంకేతాలన్నీ విప్పిపారేసిన ముసలి ప్రొఫెసర్, సరదాకి ఓ బుల్లి కారు కట్టుకుంటున్నాడు. మోటార్‌సైకిల్ ఇంజనేమో సీటు వెనక, రేడియేటరేమో ముందు. మధ్యలో నేలబారుగా పొడుగాటి నీళ్ల గొట్టాలు. ఆ గొట్టాల పని సైలెన్సర్‌ది. ప్రతి క్లిప్పు స్క్రూనీ చేతికందేలా పైకి పెట్టి బిగించాడు. ఇదొక్కటే కిందికి తిరిగి ఉంది.

వదులు చేసి లోపల వేలు పెట్టాడు. రేడియేటర్ మూతి దగ్గర గోళీ లాంటిదేదో గట్టిగా తగిలింది.

చేతిలోని స్పానర్ నిజానికి ట్రాన్స్‌మిటర్. "చీఫ్! లోపల క్యాప్సూల్ ఉంది."

"హీట్ క్యాప్సూల్," చెవిలో చీఫ్ గొంతు. "వేడి నీళ్లు తగిలాయా, కారు తునాతునకలే. మెల్లగా పీకెయ్. ప్రొఫెసర్ సెక్రటరీకి మాత్రం అనుమానం రాకూడదు. కారు కదలగానే ముఠా బాస్‌కి ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క కాల్ చాలు, వాడెక్కడున్నాడో పట్టేస్తాం."

టక్ టక్ టక్. హైహీల్స్.

క్యాప్సూల్ ఊడి రాలేదు. గొట్టం మళ్లీ తొడిగేశాడు.

సెక్రటరీ మేడమ్ వచ్చింది. ఎర్రని పెదవులు, నల్లకళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగ్‌లోకి దూరిన చెయ్యి. మన జీతం తింటూ వాళ్ల పని చేసే డబుల్ ఏజెంట్. వెనకే హెల్మెట్ పెట్టుకుని ప్రొఫెసర్.

"ఇంకా పడుకునే ఉన్నావేంట్రా? నీళ్లు పొయ్!" అన్నాడాయన.

ఇప్పుడు అరిస్తే ముసలాయన బతుకుతాడు. కానీ ఆ బాస్ జారుకుంటాడు, రేపు ఇంకొకరిని పంపుతాడు. సైలెన్సర్ కూలెంట్ నీళ్ల డబ్బా ఎత్తాడు.

పోస్తుంటే గొట్టంలో బుడుక్కుమంది.

"పొయ్యడం కాదురా, గాలి తియ్యడం ముఖ్యం," ప్రొఫెసర్ రోజూ పాడే పాటే మళ్లీ ఎత్తుకున్నాడు. "గాలి చిక్కుకుంటే నీళ్లు తిరగవు. ఇంజన్ తగలడిపోతుంది. తీశావా?"

సైలెన్సర్ చెయ్యి గాలి వదిలే స్క్రూ మీదే ఆగింది. నీళ్లు తిరగవు. తిరగకపోతే వేడి ముందున్న క్యాప్సూల్ దాకా రాదు.

పంపు ఆ గాలిని ముందుకి నెట్టేస్తే? దాని వెనకే వేడి నీళ్లూ వచ్చేస్తాయి.

"తీశాను సార్," అన్నాడు. అతని చెయ్యి మాత్రం స్క్రూని తిప్పలేదు.

ప్రొఫెసర్ ఎక్కి కూర్చోగానే ఇంజన్ గర్జించింది. కారు గేటు దాటింది. మేడమ్ ఫోన్ తీసింది.

"పాలు పొయ్యి మీద పెట్టాను."

"దొరికాడు!" చెవిలో చీఫ్ కేక.

సైలెన్సర్ ఆమె మణికట్టు విరిచి పట్టుకుని షెడ్డు పైపుకి బేడీ వేశాడు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ కింద పడింది.

"నన్ను పట్టుకుంటే ఏం లాభం?" ఆమె నవ్వింది. "ముసలాడు ఈపాటికి వేడెక్కుతూ ఉంటాడు."

సైలెన్సర్ పరిగెత్తాడు. ఖాళీ రోడ్డు చివర, మలుపులో కారు చిన్నగా కనిపిస్తోంది. "ఆపండి సార్! ఆపండి!" ఇంజన్ మోతలో, హెల్మెట్‌లో ఆయనకేం వినిపిస్తుంది? తన అబద్ధానికి ఆయన ప్రాణం పోతే? దేవుడా!

ఢామ్!

తెల్లగా పొగ లేచింది. సైలెన్సర్ కారు దగ్గరికి చేరాడు. పొగ కారు వెనక నుంచి వస్తోంది. ఇంజన్ పగిలింది, అంతే. ముందు గొట్టం మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రొఫెసర్ హెల్మెట్ విసిరికొట్టాడు. "వెధవా! బంగారంలాంటి ఇంజన్ బూడిద చేశావు! గాలి తీశానన్నావుగా?"

"మర్చిపోయాను సార్."

"ఎందుకూ పనికిరావు! రేపట్నుంచి పనిలోకి రాకు!"

ఒక మిషన్ గెలిచినందుకు ఉద్యోగం ఊడడం సైలెన్సర్‌కి ఇదే మొదటిసారి.