వాతావరణం గడిలో మేడమ్

"మంగళవారం నాడు ఏమీ జరగలేదు మేడమ్. జరగనిదాన్ని ఎట్లా రాయను?"

మొదటి క్లాసులో మొదటి గొడవ అదే.

చిన్న రైతుల శిక్షణ కేంద్రంలో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు, చప్పుడు తప్ప గాలి రాని ఒక ఫ్యాను ఉన్నాయి. ఆ ఫ్యాను కింద నిలబడి మేడమ్, ముందువారమే రాసి తెమ్మన్న డైరీల్లోంచి ఆ కుర్ర రైతుది రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. చచ్చిన పురుగును చూపిస్తున్నట్టు ఉంది ఆ పట్టుకోవడం.

"ఏమీ జరగలేదనే రాయండి. మీకెంత పొలం?"

"ఎకరన్నర."

"ఎకరన్నరలో ఒక రోజంతా ఏమీ జరగలేదంటే నేను నమ్మను. ఒక ఆకైనా పసుపు తిరిగి ఉంటుంది. ఒక పురుగైనా కాపురం పెట్టి ఉంటుంది. మీరే చూసి ఉండరు, గట్టు మీద కూర్చుని ఉంటారు."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి అతని పేరు ఎకరన్నర, ఆమె పేరు ఎర్రపెన్ను. మొదటి పేరు మొహం మీదే పిలిచేవాళ్లు. రెండోది మాత్రం ఆమె గుమ్మం దాటాక.

అతను సరదాకి వచ్చి ఆ కుర్చీలో కూర్చోలేదు. ఊళ్లో మామయ్యకు పైపుల దుకాణం ఉంది. "ఈ పంటకైనా వారం వారం కొనే మనిషి దొరక్కపోతే ఆ పొలం నాకు కౌలుకివ్వు, పైపులు పేర్చుకుంటాను. నువ్వొచ్చి కౌంటర్లో కూర్చో" అని మామయ్య తేల్చి చెప్పాడు. అమ్మ అన్నకు ఎదురు చెప్పలేదు, కొడుకును బలవంతపెట్టలేదు. రోజూ పొద్దున బీన్స్ పాదుల దగ్గరికెళ్లి, ఆ పూత మీద పైపులు దింపుతున్నట్టు ఊహించుకుని నిట్టూర్చేది.

ఒక కూరగాయల కంపెనీ వారానికి నూట యాభై కిలోల బీన్స్ తీసుకుంటానంది. కాకపోతే రోజువారీ పొలం డైరీ సరిగ్గా ఉన్నవాళ్ల దగ్గరే కొంటుంది. ఆ డైరీ ఎట్లా రాయాలో నేర్పడమే ఎర్రపెన్ను పని.

"తేదీ, వాతావరణం, చేసిన పని, కనిపించిన పురుగులు, రిమార్కులు, ఇవీ గడులు" అని బోర్డు మీద గీసి చెప్పింది. "పేజీలకు నంబర్లున్నాయి, చింపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి. గీత కింద రాసింది కనపడాలి. అంటే ఇది తప్పు అని మీరే ఒప్పుకున్నట్టు. ఇంకోటి, కళ్లతో చూసిందే రాయాలి. చూసిందంతా రాయాలి."

చూసిందంతానా? సరే అనుకున్నాడు ఎకరన్నర.

శనివారం డైరీలు ఆమె బల్లమీదికి చేరాయి. అతని డైరీలో పురుగుల గడిలో ఇలా ఉంది: "తెల్లదోమ పది. మేడమ్ ఒకరు."

సోమవారం ఎర్రసిరాలో జవాబు వచ్చింది: "మేడమ్ పురుగు కాదు. గడి మార్చండి."

మార్చాడు. తర్వాతి వారం వాతావరణం గడిలో: "మధ్యాహ్నం దాకా ఎండ. పొలం చూడటానికి మేడమ్ వచ్చారు. నవ్వలేదు. ఉక్కపోత."

"ఉక్కపోతకు నా బాధ్యత లేదు."

ఆ పై వారం: "మేడమ్ బురదలో చెప్పు పోగొట్టుకుని, నేను తీసిస్తే ఒకసారి నవ్వారు. తర్వాత వాన."

దాని పక్కన ఎర్రసిరా చాలాసేపు ఆలోచించినట్టుంది. చివరికి "వాన ఎన్ని మిల్లీమీటర్లు? కొలత లేని వాన చెల్లదు" అని రాసింది.

అతను ఒక ప్లాస్టిక్ సీసా కోసి, స్కేలు అంటించి, గట్టు మీద పాతాడు. మళ్లీ ఆమె నవ్విన రోజున రాసుకున్నాడు: "మేడమ్ రెండుసార్లు నవ్వారు. తర్వాత వాన. ఇరవై రెండు మిల్లీమీటర్లు."

"ఒరే, నువ్వు బీన్స్ పండిస్తున్నావా, ఇంకేమన్నానా?" అని బెండకాయల బాబాయ్ భుజం మీద ఒకటి చరిచాడు. పక్క పొలం ఆయనదే. ఆ డైరీని అందరికంటే శ్రద్ధగా చదివేదీ ఆయనే. తన డైరీ మాత్రం కొన్ననాటి వాసనతో అట్లాగే ఉంది.

కోతలు దగ్గరపడ్డ వారం ఎకరన్నర రిమార్కుల గడిలో రాశాడు: "కోతలయ్యాక క్లాసులు అయిపోతాయి. తర్వాత ఈ డైరీ ఎవరికి చూపించాలి?"

సోమవారం డైరీ తిరిగొచ్చింది. ఎర్రచుక్క కూడా లేదు.

హద్దు దాటానని అర్థం చేసుకున్నాడు. అప్పట్నుంచి బుద్ధిగా "ఎండ. కలుపు తీశాను. పేనుబంక లేదు" అని రాయసాగాడు.

"ఎకరన్నర గారి డైరీ ఈమధ్య చాలా పద్ధతిగా ఉంది" అంది ఆమె క్లాసులో, కాకరకాయ కొరికిన మొహంతో.

"థాంక్స్ మేడమ్."

"చదవడానికేమీ లేదు" అని విసురుగా తర్వాతి డైరీ తెరిచింది. బాబాయ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి తల పట్టుకున్నాడు.

తనిఖీ రోజు రానే వచ్చింది. కంపెనీ నుంచి వచ్చినావిడను అందరూ ఆడిటరమ్మ అన్నారు. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, నవ్వుకు తాళం వేసిన మొహం. ఎకరన్నర పొలంలో బీన్స్ ఏరే రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని కూర్చుంది. ఎర్రపెన్ను పక్కన నిలబడింది. రైతులు చుట్టూ మూగారు. అమ్మ మంచినీళ్ల చెంబుతో వచ్చి అక్కడే ఆగిపోయింది.

ముందు బాబాయ్ డైరీ. నెలరోజులూ ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, ఒకే పొందిక. నిన్న కూర్చుని ఒక్క బిగిన రాశాడని ఆ అక్షరాలే చెబుతున్నాయి.

మిగతావాళ్లవి కూడా తిప్పాక, చివరగా ఎకరన్నర డైరీ. ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగి, బాబాయ్ డైరీని దాని పక్కన పెట్టింది.

"బాబాయ్ గారూ, పద్నాలుగో తేదీన బెండకు నీళ్లు పెట్టానని రాశారు. అదే రోజు పక్క పొలంలో ఇరవై రెండు మిల్లీమీటర్ల వాన పడింది. వానలో తడుస్తూ నీళ్లు పెట్టారా?"

బాబాయ్ తల గోక్కున్నాడు. "నాకు వాన మీద నమ్మకం లేదమ్మా."

షెడ్డు రేకులు అదిరేట్టు నవ్వారు. బాబాయ్ మాత్రం ఎకరన్నర చెవిలో పళ్లు కొరికాడు. "నీ ప్రేమ నా కొంప ముంచిందిరా!"

"మీకు నెల గడువు, సరిగ్గా రాసి చూపించండి" అని ఆడిటరమ్మ ఆ డైరీ పక్కకు నెట్టింది. "ఇక ఇది. మేడమ్ రెండుసార్లు నవ్వారు. ఎవరీ మేడమ్?"

అందరి కళ్లూ ఒకేవైపు తిరిగాయి. ఎర్రపెన్ను చెవులు కూడా ఎరుపెక్కాయి.

"చూడు నాయనా, ఈ డైరీ నా పైవాళ్లు కూడా చూస్తారు. ఈ నవ్వులూ ఉక్కపోతలూ అన్నీ ఒక్కో గీత కొట్టి సంతకం పెట్టు. ఇప్పుడే పాస్ చేస్తాను."

పెన్ను అతని చేతిలో పెట్టింది. వారానికి నూట యాభై కిలోలు. కాదంటే పూత మీద పైపులు. అయిదు గీతలు కొడితే చాలు. అతను మొదటి వాక్యం మీద పెన్ను ఆనించాడు. గీత మాత్రం కదలలేదు.

"కొట్టలేనమ్మా."

"ఎందుకు?"

"గీత కొడితే తప్పు అని ఒప్పుకున్నట్టని మాకు నేర్పారు. ఇందులో తప్పేమీ లేదు. అన్నీ నా కళ్లతో చూసినవే." ఎర్రపెన్ను వైపు చూశాడు. "నా మనసులో ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి."

"ఆర్డరు పోయినా?"

అతను ఔనన్నట్టు తల ఊపాడు. అప్పుడు అమ్మ చెంబు ఠంగుమని బల్లమీద పెట్టింది.

"పోతే పోనీరా. గీత గాని కొట్టావో, ఆ పెన్ను లాక్కుని అదంతా మళ్లీ నేనే రాస్తాను. మామయ్య సంగతి నేను చూసుకుంటా!"

ఆడిటరమ్మ కళ్లజోడు తీసింది. నవ్వుకు వేసిన తాళం కొద్దిగా వదులైంది.

"పరీక్షించానమ్మా. ఇంతమంది డైరీల్లో ఏరోజుకారోజు రాసింది ఇదొక్కటే. అబద్ధం రాసేవాడు చెప్పు పోయిన సంగతి రాయడు. బీన్స్ తీసుకుంటున్నాం. కానీ ఒక చిక్కుంది." పేజీలు తిప్పి ఒక గడి మీద వేలు పెట్టింది. "తర్వాత ఈ డైరీ ఎవరికి చూపించాలి అని రైతు అడిగాడు. మిగతా రాతలకు ఎర్రసిరా జవాబుంది, దీనికి లేదు. ఖాళీ గడితో నేను సంతకం పెట్టను."

ఎర్రపెన్ను నేల చూపులు చూసింది. "జవాబు తెలియక కాదండీ. రాస్తే అది... రిమార్కు అవదు."

"ఏ గడిలో రాయాలో తర్వాత చూద్దాం. ముందు రాయి."

ఆమె తడబడుతూ సంచీలో వెతికింది. ఎర్రసిరా పెన్ను ఇవాళే దొరకలేదు. ఎకరన్నర జేబులోంచి ఒకటి తీసి అందించాడు.

"మీ దగ్గరెందుకుంది?"

"క్లాసులో మర్చిపోయారు. తిరిగివ్వాలనిపించలేదు."

"దొంగ!" అని లాక్కుని, అతనికి కనపడకుండా చేయి అడ్డం పెట్టి రాసింది. చేయి తీశాక అందరూ మెడలు సాచారు.

"నాకే. రోజూ." కింద సంతకం.

అతను ఆ రెండు మాటలూ నాలుగుసార్లు చదువుకున్నాడు. "మరి ఇవాళ వాతావరణం గడిలో ఏం రాయను?"

"నన్నడుగుతారేం? చూసి రాయండి."

అతను తలెత్తి చూశాడు. అప్పటికే బాబాయ్ తన డైరీలో కొత్త పేజీ తెరిచి, పెన్ను మూత పళ్లతో పీకుతున్నాడు.

"మేడమ్ నవ్వింది, నేను కళ్లారా చూశాను! రాస్తున్నానమ్మా ఆడిటరమ్మా, ఇవాళ్టిది ఇవాళే రాస్తున్నాను. ఎట్లాగూ వానొస్తుంది, ఇవాళ నేను బెండకు నీళ్లు పెట్టను!"